పాఠంలో లేని అలంకారం

గంగులు దొడ్డికి చుట్టూ తుమ్మకంప దడి, ఆ దడికి ఒకే ఒక్క తడిక. లోపల ఒక గడ్డివామి, పక్కన పాక, పాకలో పని మానేసిన ముసలి మైల ఎద్దు, వామి చుట్టూ గెలుక్కుంటూ తిరిగే కోళ్ళు. దడి అవతల పంటకాలవ గట్టు, ఆ గట్టు మీద ఒక నక్క కాపురం. పాపం దానిదీ కష్టమైన కాపురమే. రోజూ కోళ్ళ వాసన వస్తుంది గాని కోడి మాత్రం రాదు.

నక్క ప్రయత్నం చెయ్యకపోలేదు. దడి కింద గొయ్యి తవ్వి చూసింది, తడిక సందులో మూతి పెట్టి చూసింది. కానీ ఆ దొడ్డిలో ఒక అలవాటుంది. ఏదైనా ఆపద కంటపడితే ఉన్నది ఉన్నట్టు ఒక్క మాటలో అరవాలి. "నక్క" అని వినపడితే అందరూ పాకలోకి పరిగెత్తి ఎద్దు కాళ్ళ మధ్య దూరాలి. "గద్ద" అంటే, ఒక పక్క రాయి మీద ఎత్తిపెట్టిన పెద్ద గంప కిందకి దూరాలి. ఎక్కడ, ఎందుకు, ఎంత దూరంలో అని అడగడం ఉండదు. అరిచే పని డేగపుంజుది. అది ఎర్రగా, ఎత్తుగా, తను కూయకపోతే ఊరికి తెల్లవారదని గట్టి నమ్మకంతో బతుకుతున్న పుంజు.

నక్క ఆలోచించీ ఆలోచించీ ఒక సంగతి కనిపెట్టింది. తనకి అడ్డం కంపదడి కాదు. ఆ అరుపు.

ఊరి బడి వెనక గోడ దగ్గర, మధ్యాహ్నం పిల్లలు తిని పారేసిన గుడ్డు ముక్కల కోసం నక్క వెళ్తుండేది. ఆ వేళప్పుడు కిటికీలోంచి తెలుగు మాష్టారి పాఠం వినపడేది. అలా గుడ్ల కోసం వెళ్ళి అలంకారాలు నేర్చుకుంది. మనలో చాలామంది చదువుకున్న దారీ అదే కాబట్టి నేను దాన్ని తప్పుపట్టను.

ఒకరోజు గంగులు బండి కట్టుకుని పొలానికి పోయాడు. ఎప్పట్లాగే అతని కుక్క కూడా బండి కింద నీడలో నడుస్తూ పోయింది. నక్క గట్టు దిగి దడి దగ్గరకొచ్చి గొంతు సవరించుకుంది.

"నక్క" అని అరిచింది పుంజు. కోళ్ళన్నీ ఎద్దు కాళ్ళ మధ్య దూరాయి.

"అబ్బ, ఎంత మంచి గొంతు," అంది నక్క కళ్ళు మూసుకుని. "ఎంత మొరటు మాట. పుంజుబావా, నువ్వు 'కొక్కొరొకో' అంటావు చూడు, అందులో ఒకే హల్లు పదేపదే వస్తుంది. దాన్ని వృత్త్యనుప్రాస అంటారు. కవులు రాత్రులు కూర్చుని కష్టపడి తెచ్చుకునేది నీకు పుట్టుకతోనే వచ్చింది. అలాంటి నోటితో ఉత్త 'నక్క' అంటావా?"

పుంజు ఎద్దు కాళ్ళ మధ్యనుంచి తల బయటపెట్టింది. "ఏంటది? మళ్ళీ చెప్పు."

"వృత్త్యనుప్రాస."

పుంజు ఆ మాటని నోట్లో అటూ ఇటూ తిప్పి చూసుకుంది. రుచి నచ్చినట్టుంది, ఇంకో అడుగు బయటికి వేసింది.

బడి అలా మొదలైంది. గురువు దడి అవతల, శిష్యులు దడి ఇవతల. "నేను లోపలికి రానమ్మా, మీకు భయం ఎందుకు, చదువుకి దడి అడ్డమేం కాదు కదా," అనేది నక్క. నక్క వినయాలన్న మాట ఊరికే పుట్టలేదు.

శిష్యుల్లో అందరికంటే ముందు కూర్చునేది చుక్కలపెట్ట. అప్పుడే పిల్లల్ని దించింది. దానికి చిన్నప్పట్నుంచీ ఒక జబ్బు, బుర్రలో ప్రశ్న పుడితే ముందున్న గింజ కూడా సహించదు.

"గద్ద బాణంలా వచ్చింది అంటే పోలిక. అది ఉపమ," అని చెప్పింది నక్క. "వచ్చింది గద్ద కాదు, బాణమేనేమో అని ఊహిస్తే ఉత్ప్రేక్ష. గద్దా బాణమూ రెండు కావు, ఒకటే అనేస్తే రూపకం. దాని రెక్కల గాలికి మబ్బులు చెదిరిపోయాయంటే అతిశయోక్తి."

"పోల్చడం ఎందుకండీ?" అంది చుక్కలపెట్ట. "గద్ద గద్దలాగే ఉంటుంది కదా."

"చూసినదాన్ని ఇంకోసారి చూపించడానికి," అంది నక్క.

నక్కే అన్నా ఆ మాట మాత్రం నిజం. ఆ సాయంత్రం చుక్కలపెట్ట తన పిల్లల్ని చూసి, "పసుపు ముద్దల్లా ఉన్నాయి" అనుకుంది. అవి పుట్టినప్పట్నుంచీ చూస్తూనే ఉంది. పోలిక దొరికాక తలలు, ముక్కులు, వేళ్ళు అన్నీ మళ్ళీ మొదటినుంచి చూసుకుంది. దానికి ఎంత సంతోషం వేసిందంటే, ముసలి ఎద్దుని లేపి మరీ చెప్పింది.

నాలుగు అలంకారాలూ కోళ్ళకి నోటికొచ్చాక నక్క అసలు పాఠం మొదలుపెట్టింది.

"చదువుకున్నవాళ్ళు మాటని మాటలా తీసుకోరు. ఎవరైనా 'నక్క వచ్చింది' అంటే వెంటనే పరిగెత్తడం పామరుల పని. నక్క అంటే ఇక్కడ కపటమా, కాలమా, కలికాలమా? ఏ మాటలో ఏ పోలిక దాగుందో నింపాదిగా కూర్చుని విప్పాలి."

"నింపాదిగా విప్పాలి," అని వల్లించింది పుంజు. మిగతా కోళ్ళూ వల్లించాయి.

"అదీ చదువంటే. మిమ్మల్ని చూస్తుంటే నాకు నోరూరిపోతోంది." ఆ మాట నక్క నోటినుంచి జారిపోయింది. కానీ తెలివైనది కదా, వెంటనే సర్దుకుంది. "ఊ, చెప్పండి, ఇప్పుడు నేనన్నది ఏ అలంకారం?"

"అతిశయోక్తి గురువుగారూ," అంది పుంజు ముందుకొచ్చి. "మామీద ప్రేమకొద్దీ కాస్త పెంచి అన్నారు."

"శభాష్."

చుక్కలపెట్ట మెడ పక్కకి వంచి నక్క మూతివైపు చూసింది. మూతి చివర ఒక చుక్క వేలాడుతోంది. "గురువుగారూ, ఊరికే అడుగుతున్నానండి. నిజంగానే నోరూరుతుంటే, ఊరుతోందని చెబితే, దానికేం పేరండీ?"

నక్క అలాంటిదేం లేదని అనేసి ఉంటే సరిపోయేది. కానీ గురువుకి ఆకలి కంటే పెద్ద జబ్బు ఇంకోటుంది. శిష్యులు అడిగినదానికి తెలియదనడం దానివల్ల కాదు.

"ఉంది," అంది కాస్త చిరాగ్గా. "ఉన్నది ఉన్నట్టు, కళ్ళకి కట్టేలా చెబితే స్వభావోక్తి అంటారు. అదీ అలంకారమే. కానీ పాఠంలో లేదు, పరీక్షకి రాదు. మర్చిపో."

మర్చిపొమ్మన్న మాటే గుర్తుండిపోయే తత్వం చుక్కలపెట్టది.

ఓ మధ్యాహ్నం గురువు లేని వేళ కోళ్ళు నీడన కూర్చుని చదువుకుంటున్నాయి. పుంజు ఆకాశంవైపు చూసి, పాత అలవాటు కొద్దీ, "గద్ద" అని అరిచింది.

ఎవరూ కదల్లేదు.

"రూపకమా?" అంది తెల్లపెట్ట.

"'లాగా' అన్న మాట లేదు కాబట్టి ఉపమ మాత్రం కాదు," అంది ఇంకో పెట్ట.

"ఇంతకీ గద్ద అంటే ఏమిటి? అధికారం అనుకోవచ్చా?"

తన మాట మీద ఇంత చర్చ జరుగుతుంటే పుంజుకి ఛాతీ పొంగింది. తను చూసింది ఏమిటో దానికే గుర్తులేదు. చుక్కలపెట్ట కూడా, "ఇందులో ఉపమేయం ఏదై ఉంటుంది" అని ఆలోచిస్తోంది. అంతలో నెత్తిమీద నీడ పడింది. పిల్ల కీచుమంది.

చుక్కలపెట్ట ఎగిరింది. కోడి అంత ఎత్తు ఎగరడం ఆ దొడ్డిలో ఎవరూ చూడలేదు. గద్ద కాలు పట్టుకుని వేలాడి, ముక్కుతో పొడిచి, ఈకలు పీకించుకుని, చివరికి పిల్లతో సహా కిందపడింది. గద్ద పోయింది. పిల్ల బతికింది గాని దాని చిన్న రెక్క చీరుకుపోయి నెత్తురు కారుతోంది.

"అంటే గద్దేనన్నమాట," అంది పుంజు.

చుక్కలపెట్ట పిల్లని కడుపు కింద పెట్టుకుని కూర్చుంది. భయం కంటే దానికి సిగ్గు ఎక్కువగా వేసింది. పిల్ల పోతుంటే తను ఉపమేయం వెతుకుతోంది.

దడి అవతల నుంచి నక్క గొంతు వినపడింది. "అంతా చూశాను. పిల్ల కులాసాయేనా? పోనీలే, పాఠం మాత్రం బాగా వంటబట్టింది. ఇక పరీక్షే మిగిలింది. రేపు పెడదాం. అయితే పరీక్ష దడి బయటనుంచి పెడితే చెల్లదు. తడిక తీయించండి, లోపల గురువుకి ఒక ఆసనం వెయ్యండి."

"తప్పకుండా గురువుగారూ," అంది పుంజు.

చుక్కలపెట్ట పిల్లని నోట కరుచుకుని పాకలోకి పోయింది. మైల ఎద్దు నెమరేస్తోంది.

"తాతా, ఇదివరకు మనం అంత తెలివితక్కువగా ఉండేవాళ్ళమా?"

"నాకేం తెలుసు అమ్మాయ్. ఇదివరకు 'నక్క' అంటే అందరూ నా కాళ్ళ మధ్యకి వచ్చేవారు. ఇప్పుడు రావట్లేదు. నాకు తెలిసింది అంతే."

"కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది తాతా. ఈ చదువు మానేస్తాను."

ఎద్దు కాసేపు నమిలింది. "మానేస్తే మళ్ళీ పిల్లల్ని పసుపు ముద్దలని అనవేమో కదా. ఆ రోజు నన్ను నిద్రలేపి చెప్పావు. నాకు బాగానే ఉంది ఆ మాట."

చుక్కలపెట్ట ఆలోచనలో పడింది. నిజమే, చదువు ఏ పాపం చెయ్యలేదు. గురువు పాఠంలోంచి ఒకటి తీసి పక్కన పెట్టాడు. ఏది తీసేశాడో, దానివల్ల ఎవరి కడుపు నిండుతుందో ఇప్పుడు అర్థమవుతోంది. రేపు తడిక తీస్తే లోపలికొచ్చేది పరీక్ష కాదు. పుంజుకి చెప్పి చూసింది. "గురుద్రోహపు మాటలు నా చెవిన వెయ్యకు," అంది పుంజు.

ఆ సాయంత్రం బండి వెనక కుక్క కుంటుకుంటూ వచ్చింది. పాదంలో తుమ్మముల్లు దిగబడింది. గంగులు ముల్లు తీసి, పసుపు పెట్టి, రేపు పొలానికి రావద్దులే అని దాన్ని గడ్డివామి వెనక పడుకోబెట్టాడు.

చుక్కలపెట్ట దాని దగ్గరకెళ్ళి సంగతంతా చెప్పింది.

"పరిగెత్తలేనమ్మా," అంది కుక్క. "పంటి కిందకి వస్తే మాత్రం వదలను."

"పంటి కిందకే తెస్తాను బాబాయ్. అయితే నువ్విక్కడ ఉన్నావని గురువుగారికి ముందే చెప్పేస్తాను."

"నీకేమైనా పిచ్చా? చెబితే ఎవరైనా వస్తారా?"

"నమ్మితే పారిపోతుంది, నా పిల్లలు దక్కుతాయి. నమ్మకపోతే ఇక నీ పని. చెప్పకుండా కరిపిస్తే అది మోసం బాబాయ్. చెప్పి కరిపిస్తే పరీక్ష." కాస్త ఆగి, "నిజం చెప్పనా, తను నేర్పిందాన్ని తను గుర్తుపడుతుందో లేదో చూడాలని నాకూ ఉంది," అంది.

మర్నాడు బండి దుమ్ము దారిలో అణిగాక నక్క గట్టు దిగింది. గంగులు బండి వెళ్తే దాని కింద కుక్క వెళ్తుందన్నది ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతి కాబట్టి ప్రత్యేకంగా చూడలేదు. పుంజు చెప్పగానే ఎద్దు కొమ్ముతో తడిక తాడు ఎత్తింది. నక్క కుడికాలు ముందుపెట్టి లోపలికి అడుగేసింది. ఎన్నాళ్ళ కల అది. పిల్లలు మాత్రం కనపడలేదు. అవి పాకలో, గడ్డి వెనక ఉన్నాయి.

చుక్కలపెట్ట గడ్డివామిని ఆనించి గంప బోర్లించి ఆసనం వేసింది. "కూర్చోండి గురువుగారూ."

"కూర్చుంటాను, ముందు వినిపించండి." నక్క నిలబడే అందరినీ తేరిపార చూస్తోంది. ఏది కండగా ఉందో లెక్క వేసుకుంటోంది.

"నా తలమీద జుట్టు కాదు, పొద్దున్నే పొడిచిన సూర్యుడు," అంది పుంజు.

నిజానికి ఆ సూర్యుడిలో బాగా మాంసం ఉంది. నక్క పెదవులు తడుపుకుంది. కానీ ఎంత నక్కయినా గురువు గురువే, జవాబు బాగుంటే మెచ్చుకోకుండా ఉండలేకపోయింది. తెల్లపెట్ట తన గుడ్డుని వెన్నెల ముద్దతో పోల్చింది. అదీ బాగుందంది. వంతు చుక్కలపెట్టకి వచ్చింది.

"నువ్వు దగ్గరికొచ్చి చెప్పమ్మా," అంది నక్క. మొదట దీన్నే తినాలని అప్పుడే తేల్చుకుంది. ప్రశ్నలడిగే శిష్యులంటే గురువుకి ఎప్పుడూ కాస్త ఎక్కువ ఆకలి.

చుక్కలపెట్ట ఒక్కడుగు ముందుకి వేసి మొదలుపెట్టింది.

"ఈ గడ్డివామి వెనక కుక్క పడుకుని ఉంది. దాని ముందరి కాలికి ముల్లు గుచ్చుకుంటే పసుపు పెట్టారు. గోధుమరంగు ఒళ్ళు, తెల్లటి మూతి. ఒక చెవి పైకి లేపి ఉంది. మనం మాట్లాడేదంతా వింటోంది. ఊపిరి తీసినప్పుడల్లా దాని పక్కటెముకల మీద ఈగలు లేచి మళ్ళీ వాలుతున్నాయి."

పుంజుకి ఎందుకో మెడ మీద ఈకలు నిక్కబొడుచుకున్నాయి.

"ఓహో," అంది నక్క తల ఊపుతూ. "చాలా లోతుగా ఉంది. విప్పుతాను వినండి. గడ్డివామి అంటే సంసారం. ఎంత నమిలినా తరగదు. కుక్క అంటే విశ్వాసం, గురువు మీద నీకున్న నమ్మకం. ముల్లు అంటే గురువుని విడిచిపోతున్నామన్న బాధ. లేపిన చెవి అంటే ఇంకా నేర్చుకోవాలన్న తపన. ఆ ఈగలేమిటో ఇంకా అందలేదు గాని అందులోనూ ఏదో ఉంది."

వామి వెనక నుంచి సన్నగా 'గుర్ర్' మని వినపడింది.

"ధ్వని కూడా ఉందే," అంది నక్క ముచ్చటపడి.

"ఇంతకీ ఇది ఏ అలంకారం గురువుగారూ?"

"సందేహం ఏముంది, రూపకం."

"ఇంకోసారి ఆలోచించండి," అంది చుక్కలపెట్ట. ఆ మాట అన్నప్పుడు దానికి నిజంగానే గురువు మీద జాలేసింది. "ఇది కూడా మీరు నేర్పిందేనండి."

"నేర్పినవాడికే నేర్పుతావా? రూపకమే," అని నక్క వెళ్ళి దర్జాగా గంప మీద కూర్చుంది. తోక వెనక్కి, వామి మూల దాటి వేలాడింది.

ఆ తర్వాత వినపడిన కేకలో ఏ అలంకారమూ లేదు.

నక్క ముందుకి గుంజింది, కుక్క వెనక్కి గుంజింది. గంప దొర్లిపోయింది. చుక్కలపెట్ట పక్కకి తప్పుకుని నెమ్మదిగా చెప్పింది, "స్వభావోక్తి అండి. పాఠంలో లేదన్నారు కదా, అందుకే గుర్తు రాలేదేమో."

సగం తోక కుక్క నోట్లో వదిలేసి నక్క తడికవైపు పరిగెత్తింది. మైల ఎద్దు అడ్డం తొలగి మర్యాదగా దారిచ్చి, అది దాటాక కొమ్ముతో తాడు మళ్ళీ తగిలించింది. నక్క తోక తొక్కితే అదృష్టం అంటారు. కరిస్తే ఏమంటారో తెలియదు గాని, కుక్క మాత్రం ఆ రోజంతా చాలా హుషారుగా ఉంది.

కాలవ గట్టు మీద ఇప్పుడెవరూ కాపురం లేరు. బడి మాత్రం ఆగలేదు. చుక్కలపెట్టే చెబుతోంది. అడిగినదానికి తెలియకపోతే తెలియదంటుంది, దాంతో శిష్యులే పోయి వెతుక్కొస్తున్నారు. పుంజు కొన్నాళ్ళు ముభావంగా తిరిగింది. తర్వాత ఓ పొద్దున దడి మీదకెక్కి ఆకాశంవైపు చూసి, "గద్ద" అని అరిచింది.

అందరూ లేచి పరిగెత్తి గంప కింద దూరారు. లోపల చీకటిగా, ఇరుగ్గా ఉంది. పైన గద్ద గోళ్ళు గంపని గీరుతున్నాయి. రెక్క చీరుకున్న పిల్ల తల్లి కడుపు కిందనుంచి తల బయటపెట్టి అడిగింది, "అమ్మా, ఇప్పుడు పుంజు మావయ్య అన్నది ఏ అలంకారం?"

"స్వభావోక్తి తల్లీ," అంది చుక్కలపెట్ట. "రెక్క లోపలికి పెట్టుకో."

నీతి: మాటకి నగలు పెట్టడం నేర్చుకోవలసిందే, నగ లేని మాట వినపడితే మాత్రం ముందు కాలు కదపాలి.